అంచు లేని రుమాలు

కంటి ఆపరేషన్ తర్వాత కట్టు విప్పిన రోజు మా యాడి దవాఖానా మెట్ల మీదే నిలబడిపోయింది. ఎదురుగా ఉన్న దుకాణాల బోర్డుల రంగులన్నీ తీరిగ్గా చూసి, "కండ్లొచ్చినయి బిడ్డా, ఇగ ఏదన్న సూపియ్యి" అన్నది. మా తండాల్లో అమ్మను యాడి అంటాం. ఆమె మనసులో ఉన్నది భద్రాచలమో, మహా అయితే తిరుపతో అయి ఉంటుంది. నేనేమో ఇస్తాంబుల్‌కు టికెట్లు తీశాను. ఏది చేసినా కాస్త ఎక్కువ చేసే గుణం నాకుందని ఇంట్లో అందరూ అంటారు. నేనూ కాదనను.

నేను బోనకల్ దగ్గర ఒక బడిలో ఇంగ్లిష్ చెప్తాను. ఎండాకాలం సెలవుల్లో ఖమ్మం నుంచి ఒక గుంపు టర్కీ వెళ్తోందని తెలిసి అందులో చేరిపోయాం. విమానం పేరు చెప్పగానే యాడి బెదురుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే మాట. "ఆడ బట్టలు గిట్ట అమ్మే బజారుంటదా?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. యాడి సంచిలో ఒక రుమాలు ఉంది. ఎర్ర గుడ్డ మీద చిన్న చిన్న అద్దాలు, వాటి చుట్టూ నీలం, పసుపు దారాల కుట్లు, మూలల్లో గవ్వలు. జూలూరుపాడు దగ్గరి మా తండాలో అంత నాణ్యంగా కుట్టే చెయ్యి ఇప్పుడు ఇంకొకటి లేదు. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రుమాలుకు అంచు లేదు. నాలుగు వైపులా పోగులు లేస్తూనే ఉంటాయి, ఆమె వాటిని కత్తిరిస్తూనే ఉంటుంది. అట్లా కత్తిరించీ కత్తిరించీ రుమాలు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడు ఒక పక్క కొసకూ అద్దాల వరసకూ మధ్య వేలెడు గుడ్డ కూడా లేదు. ఇంకొన్నాళ్లు పోతే అద్దాలే రాలిపోతాయి.

మా అమ్మమ్మ గుడ్డ చివర ఒక కుట్టు కుట్టేదట. పోగులు లేవకుండా, జడ అల్లినట్టు సన్నగా అంచంతా సాగేదట. యాడికి అమ్మమ్మ అన్ని కుట్లూ నేర్పింది, ఆ కుట్టు కూడా నేర్పింది. యాడి చిన్నప్పుడు కుట్టింది కూడా. పెళ్లయి, పొలం పనుల్లో పడి, మళ్లీ సూది పట్టేసరికి మిగతావన్నీ వచ్చాయి కానీ అదొక్కటి చేతికి రాలేదు. అప్పటికి అమ్మమ్మ పోయింది. ఆమె కుట్టిన గుడ్డలను పెట్టెలోనే చెదలు తినేశాయి. పెళ్లిళ్లలో కనబడిన ప్రతి ముసలామెనూ యాడి అడిగింది. పినపాక వైపు తండాలకు కూడా పోయి అడిగి వచ్చింది. ఒకామె వేరే కుట్టు చూపించింది. ఇంకొకామె "తెలుసు గని ఇప్పుడు చేతులు వణుకుతున్నయి" అన్నది.

"మా యాడి మొకం యాదికుంది, గొంతు యాదికుంది. ఆ కుట్టు మాత్రం యాదికొస్తలేదు" అని యాడి అనేది. ఒకసారి నేను తెలివిగా, టైలర్ దగ్గర మెషిన్ మీద పీకో చేయిస్తానన్నాను. రుమాలు మడిచి నాకు అందకుండా సంచిలో పెట్టేసుకుంది. తర్వాత కళ్లు మసకబారాయి, రుమాలు పెట్టెలోకి పోయింది. ఆపరేషన్ అయి ఇంటికి రాగానే మొదట బయటికి తీసింది దాన్నే. ఆ కళ్ల డాక్టరును నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుని తలచుకుంటాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీల భాష, గోర్‌బోలి. అది రాస్తే చాలామందికి అందదు కాబట్టి, యాడి తెలుగు మాట్లాడితే ఎట్లా ఉంటుందో అట్లాగే ఇక్కడ రాస్తున్నాను.

ఇస్తాంబుల్‌లో ఒక రోజంతా మాకు బజార్లు చూపించిన గైడు నాకంటే కొంచెం పెద్దావిడ. పొట్టి జుట్టు, నడకకు పనికొచ్చే బూట్లు, చేతిలో పసుపు గొడుగు. వాన లేదు, ఎండ లేదు. గుంపు తప్పిపోకుండా గొడుగును పైకెత్తి ముందు నడుస్తుంది. మేం వెనక నడవాలి. ఏం చెప్పినా చివర "తమాం?" అనేది. వాళ్ల భాషలో సరేనా అని. మన దగ్గర తమాం అంటే మొత్తం. నాలుగైదుసార్లు విన్నాక యాడి నన్ను గిల్లింది.

"ఏందే, పొద్దున్నే తమాం తమాం అంటది? తమాం అయిపోయిందా? ఇంక ఏం సూడకముందే?"

నేనది గైడుకు చెప్తే ఆవిడ పడి పడి నవ్వింది. పని పూర్తయిందా అని అడగడానికి కూడా తాము ఆ మాటే వాడతామన్నది. ఇక ఆ రోజంతా ఆవిడ యాడి దగ్గరకొచ్చి మరీ "తమాం?" అని అడిగేది. యాడి చెయ్యి ఊపుతూ "కాలే, కాలే" అనేది. భాష రాని ఇద్దరు అంత తొందరగా వరస కలుపుకోవడం నేను చూడలేదు.

పొద్దున చూసింది మసాలాల బజారు. పైన కమానుల్లాంటి కప్పు, కింద కుప్పలు పోసిన ఎండు పుదీనా, దాల్చిన చెక్క, ఎర్రటి కారప్పొడి. యాడి కారం చిటికెడు నాలుక మీద వేసుకుని, మిర్చి పండించే మనిషి కదా, మొహం అదోలా పెట్టింది. "రంగే ఉంది, కారం లేదు. పిల్లలకు పెట్టొచ్చు." తర్వాత చాలాసేపు కప్పు వంకే చూసింది. "ఇంత బజారుకు పైన కప్పేసిన్రు సూడు. మన మిర్చి మార్కెట్ల తెచ్చి పోసినంక మబ్బు పడ్తే పట్టాల కోసం ఎంత ఉరుకుతం! ఈళ్లకు ఆ బాధ లేదు." పక్కనే మా గుంపులో మధిర నుంచి వచ్చిన రైతు భార్య నడుస్తోంది. "నిజం చెప్పావక్కయ్యా, కిందటేడు మా మిర్చంతా తడిసిపోయిందంటే నమ్ము" అన్నది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. దారి పొడుగునా వాటిని తిడుతూనే అందరికంటే ముందు నడిచేది.

మధ్యాహ్నం పెద్ద బజారుకు వెళ్లాం. అది బజారు కాదు, కప్పు కింద ఉన్న ఊరు. సందులోంచి సందు, కమాను వెనక కమాను, గోడల మీద పాత రంగుల పువ్వులు. ఒక్కో సందుకు ఒకప్పుడు అక్కడ పని చేసినవాళ్ల పేరు. బొంతలు కుట్టేవాళ్ల సందు, టోపీల వాళ్ల సందు, చెప్పుల వాళ్ల సందు. దుకాణాన్ని దుక్కాన్ అంటారని, కిరాయిని కిరా అంటారని గైడు చెప్పింది. యాడి నడుం మీద చెయ్యేసుకుని ఆగింది. "మనం ఈళ్ల కాడికెళ్లి తెచ్చుకున్నమా, ఈళ్లు మన కాడికెళ్లి తెచ్చుకున్నరా? అడుగు." అడిగాను. ఇద్దరం ఇంకొకళ్ల దగ్గర తెచ్చుకున్నాం అన్నది గైడు. యాడికి ఆ జవాబు బాగా నచ్చింది.

అందరూ రంగు దీపాలు చూస్తుంటే యాడి గుడ్డల అంచులు చూస్తోంది. విమానంలో దుప్పటి అంచు చూసింది, హోటల్లో తువ్వాలు అంచు చూసింది, ఇక్కడ శాలువాల అంచులు తిప్పి తిప్పి చూస్తోంది. కొత్త కళ్లు పెట్టుకుని లోకమంతా అంచులే వెతికింది. నాకు కొంచెం విసుగు వచ్చింది కూడా. ఇంత దూరం తీసుకొస్తే కప్పు చూడదు, గోడ చూడదు. గైడు గుంపును దీపాల కొట్లోకి తీసుకుపోయినప్పుడు, ఎదురుగా ఉన్న పాత గుడ్డల కొట్టు దగ్గర యాడి ఉన్నట్టుండి నిలబడిపోయింది.

లోపల గోడకు ఒక ఎర్ర గుడ్డ వేలాడుతోంది. అద్దాలు లేవు, గవ్వలు లేవు, మన పని కాదు. కానీ అంచున సన్నటి జడలాంటి కుట్టు ఉంది. యాడి చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. "గదే. గదే కాదు గని, దాని అక్కచెల్లెలు."

కొట్టాయన తెల్ల మీసాల పెద్దమనిషి. గుడ్డను దించి బల్ల మీద పరిచాడు. యాడికి కావలసింది వెనక వైపు. కుట్టు తెలిసినవాళ్లు గుడ్డను వెనక నుంచే చదువుతారు, దారం ఎటు నుంచి ఎటు పోయిందో అక్కడే కనబడుతుంది. కానీ దాని వెనక పాడవకుండా ఇంకో గుడ్డ వేసి కుట్టేశారు. ఒక మూల విప్పి చూపించమని యాడి వేళ్లతో కత్తెర ఆడించి అడిగింది. ఆయన కనుబొమ్మలు ఎగరేసి, గడ్డం పైకెత్తి, నాలుకతో "చ్" అన్నాడు.

మన దగ్గర అట్లా గడ్డం ఎగరేస్తే ఏమిటని అర్థం. "ఏంది అని అడుగుతుండు" అని యాడి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. కత్తెర, విప్పడం, చూడడం, మళ్లీ కుట్టడం, అన్నీ చేతులతో. ఆయన మళ్లీ గడ్డం ఎగరేశాడు. పాపం ముసలాయనకు అర్థం కావట్లేదని నేనూ దిగాను, నా ఇంగ్లిష్‌తో. మళ్లీ గడ్డం. ఆయన కూడా ఓపిగ్గా, గుడ్డ పాతది, విప్పితే చిరుగుతుంది అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాడు. నేనది చెప్పగానే యాడి "సరే సరే, పైలంగనే విప్పు" అని తల అటూ ఇటూ ఊపింది. మన దగ్గర ఆ ఊపుకు సరే అని అర్థం. ఆయనేమో మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. యాడి మళ్లీ ఊపింది, ఆయన మళ్లీ చెప్పాడు. ఎంతసేపు సాగిందో గానీ ఇద్దరికీ చెమటలు పట్టాయి, ఇద్దరూ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు.

అప్పుడు మమ్మల్ని వెతుక్కుంటూ గైడు వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడ్డం పైకెత్తితే ఇక్కడ కుదరదని అర్థమట. తల అటూ ఇటూ ఊపితే నాకు అర్థం కాలేదని అర్థమట. అంటే ఆయన కుదరదు కుదరదు అంటుంటే మేం ఏంది ఏంది అనుకున్నాం. యాడి సరే సరే అంటుంటే అర్థం కాలేదనుకుని ఆయన పాఠం చెప్తున్నాడు. గైడు రెండు వైపులా ఇది విడమరిచి చెప్పేసరికి ఆయన బల్ల పట్టుకుని నవ్వాడు. యాడి మాత్రం సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పెద్దమనిషి వద్దంటుంటే ఇన్నిసార్లు అడిగిన్నా!"

ఇక పోదామని కదిలాం. యాడి తన సంచిలోంచి రుమాలు తీసి, ఇదుగో దీనికోసం అడిగానని ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. పోగులు లేచిన అంచును వేలితో నిమిరాడు. తర్వాత సొరుగులోంచి చిన్న కత్తెర తీసి, వేలాడే గుడ్డ మూల దగ్గర వెనక కుట్టు మెల్లగా విప్పాడు. ఎవరూ అడగకుండానే మాకు టీ వచ్చింది. కొననివాళ్ల కోసం కొట్లో సరుకు విప్పిన మనిషిని నేను వేరే ఎక్కడా చూడలేదు. ఆయనకు ఎంత చెప్పినా నా కృతజ్ఞత తీరదు.

ఆ గుడ్డ ఎవరిదని నేను అడిగాను. కొండల్లో మందలు తోలుకుని తిరిగే జనం కుట్టిందని ఆయన చెప్పాడు. వాళ్లను యోరుక్ అంటారని, ఆ మాటకు నడిచేవాళ్లని అర్థమని గైడు చెప్పింది. నేను యాడికి చెప్పాను, "నడిచేటోళ్లట." అప్పటికి ఆ మాట ఆమె చెవికి ఎక్కలేదు. వెనక దారాల మీద చూపు పెట్టి పెదాలు కదుపుతోంది.

విమానంలో గొడవెందుకని సూదులన్నీ నేనే ఇంట్లో పెట్టించాను. కొట్టాయన ఒక సూది, కొంచెం ఎర్ర దారం ఇచ్చాడు. యాడి పీట మీద కూర్చుని రుమాలు తొడ మీద పరుచుకుంది. ఒక కుట్టు వేసింది, విప్పింది. మళ్లీ వేసింది. దారం మెలిపడింది. మళ్లీ విప్పింది. గుంపంతా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. గైడు గడియారం చూసుకుంది, అయినా గొడుగు ఎత్తలేదు. చివరికి యాడి సూది రుమాలులో గుచ్చి, కళ్లు తుడుచుకుంది.

"కండ్ల ముంగట ఉన్నా వస్తలేదు బిడ్డా. ఇగ రాదు. నడువు, అందరిని ఎందుకు నిలబెట్టుడు."

ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం తీసుకొచ్చి, ఉన్న ఆశ కూడా ఊడగొట్టానే అనిపించింది. యాడి కొట్టాయనకు రెండు చేతులూ జోడించింది. సూది తిరిగి ఇవ్వబోతే ఆయన గడ్డం ఎగరేశాడు. ఈసారి ఇద్దరికీ అర్థమయింది.

గొడుగు మళ్లీ పైకి లేచింది. బస్సు నిలిపిన గేటు వైపు పెద్ద సందులోంచి నడుస్తున్నాం. జనం తోసుకుంటున్నారు. యాడి నా వెనక వస్తోంది, నేను వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటున్నాను. ఒకసారి చూస్తే తల వంచుకుని ఉంది, ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇంకోసారి చూస్తే చేతులు కదులుతున్నాయి. ఆ జనంలో, ఎగుడుదిగుడు రాళ్ల మీద, నడుస్తూ కుడుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మొన్ననే ఆపరేషన్ అయిన కళ్లు. "పడ్తవ్! ఏంది ఈ పని? ఆగు!" అని భుజం పట్టుకున్నాను. యాడి నా చెయ్యి విదిలించుకుంది.

"పట్టకు! ఆగితే పోతది!"

ఎడమ కాలు పడ్డప్పుడు సూది దిగుతోంది. కుడి కాలు పడ్డప్పుడు దారం వస్తోంది, వస్తూ వస్తూ బొటనవేలి మీద ఒక చుట్టు తిరుగుతోంది. రుమాలు అంచున చిన్న జడ మొదలయింది. యాడి నా వైపు చూడకుండానే, ఊపిరి ఆడనట్టు మాట్లాడింది.

"నడిచేటోళ్లు అన్నవ్ గదా. ఇందాక ఇనబడలే, ఇప్పుడు ఇనబడ్డది. ఎండకాలం వస్తే మంద తోలుకొని పినపాక దిక్కు అడవికి పోయేటోళ్లం. ఆవుల ఎనక మా యాడి, మా యాడి ఎనక నేను. ఇన్నేండ్లు మంచం మీద కూసొని ఎతికిన. మా యాడి కూసొని కుట్టంగ నేనెన్నడు సూసిన?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. నా చదువు ఫీజుకు, నా పుస్తకాలకు మిర్చి చేలల్లో నడిచిన ఈ మనిషి కూర్చుని ఉండగా నేను మాత్రం ఎన్నిసార్లు చూశాను? కళ్లు తుడుచుకుని ఆమె ముందుకు పోయి, రెండు చేతులూ చాపి, ఎదురొచ్చేవాళ్లను పక్కకు తప్పించడం మొదలుపెట్టాను. నేను చేయగలిగింది అదొక్కటే. మధిర ఆవిడ మోకాళ్లను తిట్టుకుంటూనే వచ్చి యాడి పక్కన నిలిచింది. "నువ్వు కింద చూడకక్కయ్యా, మెట్టొస్తే నే చెప్తా" అని వీపు మీద చెయ్యేసి నడిపించింది. కొంచెం కొంచెంగా గుంపంతా యాడి చుట్టూ చేరి, ఆమె అడుగుకు తమ అడుగు తగ్గించుకుని నడిచారు. వాళ్ల పేర్లు కూడా నాకు సరిగా తెలియదు. ఇవాళ వాళ్లంతా గుర్తొస్తే కడుపు నిండుతుంది.

గేటు వచ్చేసింది. బయట బస్సు ఇంజిన్ నడుస్తోంది. కొట్లవాళ్లు సరుకు లోపలికి సర్దుకుంటున్నారు. రుమాలుకు ఒక పక్క అంచు పూర్తయి, యాడి మూల తిప్పుతోంది. ఆగలేక, ఉన్నచోటనే కాళ్లు మార్చి మార్చి తొక్కుతోంది. గైడు పని అక్కడితో అయిపోయింది. గొడుగు దించి, పొద్దుటి నుంచి అడిగినట్టే నవ్వుతూ దగ్గరకొచ్చి అడిగింది.

"తమాం?"

యాడి తలెత్తలేదు. "తమాం ఏడ అయిందమ్మా? ఇంక మూడు దిక్కులున్నయి."

నేను ఇంగ్లిష్‌లో చెప్పబోయాను. గైడు వద్దన్నట్టు గడ్డం ఎగరేసింది. యాడి చేతిలోని రుమాలు వంక, కింద ఆగకుండా ఆడుతున్న కాళ్ల వంక చూసింది. డ్రైవరుకు ఏదో కేక వేసి, గొడుగు మళ్లీ పైకెత్తి, గేటుకు వీపు పెట్టి బజారు లోపలికి తిరిగింది. మేమంతా ఆమె వెనక నడిచాం.